దర్జీ చేతి సుద్దగుర్తు

అక్కణ్ణించి కాదు మనవరాలా, అందరూ వ్యాను ఎక్కడం తర్వాత. ముందు సుద్దబిళ్ల సంగతి రాయి. నీకెప్పుడూ తొందరే తల్లీ, సూదిలో దారం ఎక్కించకముందే కుట్టు మొదలుపెడతావు. ఊఁ, రాసుకో. నేను మెల్లగా చెబుతాను, నువ్వూ మెల్లగానే రాయి.

ఒక దర్జీ ఉండేవాడు. ఊరికి బయట, ఖాళీ స్థలాల మధ్య లేచిన కాలనీలో అతని ఇల్లు. ఆ వీధికి ఒక్కటే దారి. మధ్యలో మోచెయ్యి మడిచినట్టు ఒక వంపు. వంపు తిరిగాక రెండే రెండు ఇళ్లు. మొదటిది దర్జీది, ముందుగదిలో కుట్టుమిషను, వెనక రెండు గదుల్లో కాపురం. దాని పక్కదాన్ని అందరూ చివరిల్లు అనేవాళ్లు. దాని తర్వాత ప్రహరీగోడ, గోడ తర్వాత ముళ్లపొదలు.

ఆరోజు పొద్దున దర్జీ పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కొట్టు తలుపు తీయాలి. చేతిలో సుద్దబిళ్ల పట్టుకుని గుమ్మంలో నిలబడాలి. చివరింట్లోంచి ఎవరు బయటికొచ్చినా "బాబూ, కోటు మీద దారప్పోగుంది" అని చెప్పి, పోగు తీసినట్టే తీసి, వీపు మీద ఒక గీత గీయాలి. వీధి మొదట్లో పోలీసు వ్యాను సామాన్ల బండిలా ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుంది. వీపు మీద సుద్ద ఉన్నవాణ్ణి కానిస్టేబుళ్లు పట్టుకుంటారు. అంతే. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది వింటే.

చివరింట్లో ఆరు నెలల కిందట ఎవరో అద్దెకు దిగారు. అప్పటినుంచి ముక్కూమొహం తెలియనివాళ్లు రావడం, రెండు నిమిషాలు ఉండటం, తల వంచుకుని పోవడం. మొదట్లో చుట్టాలేమో అనుకున్నారు. "చుట్టాలైతే రెండు నిమిషాల్లో పోతారుటండీ? మన చుట్టాల్ని చూడ్డంలేదూ, రెండు వారాలకి తక్కువ కదుల్తారా?" అంది దర్జీ భార్య. అక్కడ అమ్మేది మత్తుపొడి అని వీధిలో మొదట తేల్చింది ఆవిడే.

కాలనీ ప్రెసిడెంటు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన మూడుసార్లు అర్జీ పెట్టాడు. పోలీసులు రెండుసార్లు వచ్చి ఇల్లంతా బోర్లించి వెతికారు. ఒక చాప, నాలుగు పాత పేపర్లు, పగిలిన బకెట్టు దొరికాయి. "సరుకు ఇంట్లో ఉండటంలేదండీ, అమ్మేవాడి ఒంటి మీదే తిరుగుతోంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆ ఇంట్లోంచి ఎవడొచ్చాడో, దారిన ఎవడు పోతున్నాడో వంపు ఇవతల ఉన్న మాకు కనబడదు. మీరే చెప్పాలి. ఫోన్లో ఫొటో తీసి పంపండి." దర్జీ జేబులోంచి ఫోను తీసి చూపించాడు. అది నొక్కుడు బొత్తాల ఫోను. దానికి వినడం తప్ప చూడటం రాదు.

"నాకు ఫొటోలు రావండీ. గీత గీయడం వచ్చు," అన్నాడు దర్జీ. పథకం అలా పుట్టింది.

అతనికి అంత పట్టుదల ఊరికే రాలేదు. దర్జీ భార్యకి ఒక్కడే తమ్ముడు. తల్లి పోయాక ఆవిడే చంకనేసుకుని పెంచింది. ఆ తమ్ముడు పెద్దవాడై, పనిలో చేరి, ఏ స్నేహాల వల్లో ఆ పొడికే అలవాటు పడ్డాడు. రెండేళ్లు మనిషి మనిషి కాదు. అక్క ఏడుపు చూసి ఒకరోజు, బావ మౌనం చూసి ఒకరోజు, ఆసుపత్రి మంచం మీద తన చేతులు తనే చూసుకుని ఒకరోజు — ఎలాగో బయటపడ్డాడు. పదకొండు నెలలుగా దాని జోలికి పోలేదు. అక్క ఇంట్లోనే ఉంటూ, బావకి గుండీలు కుట్టిపెడుతూ, రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే ఇస్త్రీ చేస్తూ నెట్టుకొస్తున్నాడు. ఇప్పుడు సరిగ్గా ఆ పొడే వచ్చి పక్కింట్లో కాపురం పెట్టింది. మధ్యన ఒక్క గోడ. అవతల పాము, ఇవతల ఇప్పుడిప్పుడే తప్పటడుగులు వేస్తున్నవాడు. ఆరు నెలలుగా బావమరిది ఆ వైపు కిటికీ తెరవలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

పైగా ఆరోజే అతనికి ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగం. పదకొండింటిలోగా వెళ్లి చేరాలి. ఆసుపత్రి అన్నాక ఊరికే చేర్చుకోరు, కాలనీ ప్రెసిడెంటు సంతకంతో "ఈ మనిషి నడవడిక మంచిది" అని ఉత్తరం తెమ్మన్నారు. తొమ్మిదింటికి రా, ఇస్తానన్నాడు ప్రెసిడెంటు. అతని పాత సంగతి ఆయనకి తెలియదు. వీధిలో ఎవరికీ తెలియదు. ఉత్తరం తీసుకుని ఉద్యోగానికి వెళ్లేటప్పుడు వేసుకోవడానికే దర్జీ వారం రోజులు కూర్చుని బావమరిదికి నీలం ఉన్ని కోటు కుట్టాడు.

ఇక దర్జీ గుణం ఒకటి చెప్పాలి. అతను మనిషి మొహం చూడడు, బట్ట చూస్తాడు. చూసి ఊరుకుంటే బాగుండును, తడుముతాడు. ఎదుటివాడు కలెక్టరైనా సరే, కూలివాడైనా సరే, మాట్లాడుతూ మాట్లాడుతూ భుజం మీద చెయ్యి వేసి, అక్కణ్ణించి వీపు మీదికి జార్చి, "ఈ భుజం కుట్టిన మహానుభావుడెవరండీ? గోతాం కుట్టేవాడా?" అంటాడు. నలభై ఏళ్ల అలవాటు. నిద్రలో భార్య దుప్పటి అంచు తడిమి "పీకో బాలేదు" అని గొణిగిన మనిషి.

భార్య ముందే హెచ్చరించింది. "ఏవండీ, ఆ సుద్ద చెయ్యి ఎవరి మీదా వెయ్యకండి. వాళ్ల మీద తప్ప."

"నాకు తెలీదుటే? నేనేమైనా చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లలైతే చెప్తే వింటారు."

అసలే చలి, దానికి తోడు భయం. దర్జీ అరచెయ్యి చెమట పట్టింది. సుద్దబిళ్ల ఆ చెమటలో నాని, అరిగి, ఐదువేళ్లకీ పిండి రాసినట్టు పట్టేసింది. అతను చూసుకోలేదు.

ఏడున్నరకే ఇన్‌స్పెక్టరు వచ్చాడు, ప్యాంటు పొడుగు తగ్గించుకునే నెపంతో. "నేను స్టేషన్లోనే ఉంటాను. నా మొహం ఈ వీధిలో అందరికీ తెలుసు. వ్యానులో ఉన్నది కొత్త కానిస్టేబుళ్లు. గట్టిగా చెప్పాను వాళ్లకి: గుర్తున్న ప్రతివాడినీ ఎక్కించండి, ఎవడేం చెప్పినా వినొద్దు. ప్రెసిడెంటునంటాడు, డాక్టర్నంటాడు. పట్టుబడ్డవాడు ఎవడైనా పెద్దమనిషే."

"చాలా బాగా చెప్పారండీ," అని దర్జీ మెచ్చుకుని, ముదురు ఖాకీ యూనిఫారం వీపు మీద చెయ్యి వేశాడు. "వెనకాల కొంచెం ఎత్తుకుంటోందండీ. ఒక అరంగుళం వదిలితే హాయిగా కూర్చుంటుంది."

ఇన్‌స్పెక్టరు హాయిగానే వెళ్లిపోయాడు.

ఎనిమిదింటికి ప్రెసిడెంటు వచ్చాడు. ఆయనకి ఏ పనైనా తను పర్యవేక్షించకపోతే జరగదని నమ్మకం. "భయపడకూడదు. మామూలుగా ఉండాలి. నన్ను చూడు, ఎంత మామూలుగా ఉన్నానో," అని గుసగుసగా, వీధి చివరిదాకా వినబడేట్టు చెప్పాడు. దర్జీ తల ఊపి, ఆయన గోధుమరంగు కోటు భుజం సర్ది పంపించాడు.

ఎనిమిదింపావుకి పళ్ల డాక్టరు నడక పూర్తిచేసుకుని ఇటు తిరిగాడు. ఆయన ఊలు స్వెట్టరు కొత్తది. కొత్త ఊలు కనబడితే దర్జీ ఆగగలడా? "అబ్బ, చేత్తో అల్లిందేనండీ?" అని ముందొకసారి, వెనకొకసారి నిమిరాడు. "మా అత్తగారండీ," అని మురిసిపోతూ డాక్టరు వంపు తిరిగాడు.

తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా బావమరిది బయల్దేరాడు. నీలం కోటు వేసుకుని గుమ్మంలో నిలబడితే అక్క కళ్లు తుడుచుకుంది.

"వెళ్లొస్తా బావా."

దర్జీ ఏదో చెబుదామనుకున్నాడు. పెద్ద మాటలు అతనికి రావు. భుజం మీద గట్టిగా చెయ్యి వేసి, "చంక దగ్గర పట్టేస్తోందా?" అన్నాడు.

"లేదు బావా. సరిగ్గా ఉంది."

"మరింకేం, వెళ్లు."

అతను వెళ్లిన కాసేపటికి చివరింటి తలుపు చప్పుడైంది. ఒకడు బయటికొచ్చాడు. జిప్పు ఉన్న నైలాను కోటు, నల్లగా, వానలో తడిసిన రాయిలా మెరుస్తోంది. దర్జీ గుండె మిషను తొక్కినట్టు కొట్టుకుంది. నైలానంటే అతనికి ముందే గిట్టదు.

"బాబూ, ఒక్క నిమిషం. కోటు మీద దారప్పోగుంది."

గీత గీశాడు. ఏమీ పడలేదు. నైలాను మీద సుద్ద, తామరాకు మీద నీటిబొట్టూ ఒకటే. "ఇంకోటుంది బాబూ," అని మళ్లీ గీశాడు. మళ్లీ ఏమీ లేదు. చేతిలో మిగిలిన ముక్కనంతా కలిపి మూడోసారి బలంగా అదిమి లాగాడు. ఆ ఊపుకి వేలికున్న ఇత్తడి అంగుస్తానా, అదే సూది గుచ్చుకోకుండా పెట్టుకునే తొడుగు, కోటు పక్క కుట్టులో చిక్కుకుంది. లోపల ఎక్కడో పర్రుమంది. బయటికి మాత్రం ఏమీ కనబడలేదు.

"ఏంటి తాతా, దులుపుతున్నావా, ఉతుకుతున్నావా?" అని నవ్వి, వాడు ఈల వేసుకుంటూ పోయాడు.

ఇదంతా భార్య కిటికీలోంచి చూసింది. "పడిందా?" అంది.

"పడలేదే! అది బట్ట కాదు, గాజుపలక."

"అయితే వ్యాను దాకా వెళ్లి నోటితో చెప్పండి. నిలబడి నన్ను చూస్తారేం?"

దర్జీ వంపు తిరిగి పరిగెత్తాడు, అంటే అతని పరుగు నీకు తెలుసుగా, పక్కన నడిచేవాళ్లు దాటిపోతారు. అతను చేరేసరికి నైలాను కోటువాణ్ణి కానిస్టేబులు ఆపి, వెనక్కి తిప్పి, వీపు చూసి, "ఏం లేదు, వెళ్లండి సార్. క్షమించాలి," అని సాగనంపుతున్నాడు.

"వాడే! వాడేనండీ!" అని దర్జీ అరిచాడు. కానిస్టేబులు ఇటు తిరిగాడు. తిరిగి, దర్జీని కిందనుంచి పైదాకా చూశాడు. తొడల మీద తెలుపు, జేబు మీద తెలుపు, చెవి వెనక తెలుపు.

"ఒరేయ్, ఇలా రా!" అని రెండోవాణ్ణి పిలిచాడు. "వీడికి ఒళ్లంతా గుర్తులేరా. పెద్ద తలకాయ వీడే అయ్యుంటాడు."

"నేను గుర్తులు పెట్టేవాణ్ణి బాబూ! పెట్టించుకునేవాణ్ణి కాదు!"

"ఆఁ, లోపలున్నాయన ప్రెసిడెంటుట. ఇంకొకాయన డాక్టరుట. నువ్వు ఏమైనా అవ్వచ్చు, ఎక్కు."

వ్యాను తలుపు మూసుకుంది. లోపల బల్ల మీద ప్రెసిడెంటు నిటారుగా కూర్చుని గోడని మందలిస్తున్నాడు. పళ్ల డాక్టరు మోకాళ్ల మీద మొహం పెట్టుకున్నాడు. మూడోవాడు మూలన, నీలం కోటులో. బావమరిది. భుజం వెనక తెల్లగా గుర్తు.

దర్జీ ఆ గుర్తునే చూశాడు. సుద్ద ఉందంటే చివరింట్లోంచి వచ్చాడనే కదా లెక్క. పథకం అదే కదా. గుర్తు పెట్టేవాడు తనొక్కడేనన్నది ఆ కంగారులో తట్టనే లేదు. తను గుమ్మంలోనే నిలబడ్డాడు, మరి బావమరిది ఆ ఇంట్లోకి ఎప్పుడు వెళ్లాడు? వెనక గోడ దూకాడా? ఉద్యోగం రోజున, కొత్త కోటు వేసుకుని, అక్క కళ్లు తుడుచుకున్న పది నిమిషాలకే! పదకొండు నెలలూ ఒక్క క్షణంలో చిరిగిపోయినట్టనిపించింది. ఎదురుగా కూర్చుని నేల చూశాడు.

బావమరిది అతన్నే చూస్తున్నాడు. వ్యాను కదిలాక మెల్లగా అన్నాడు: "బావా. నువ్వు కూడా అదే అనుకుంటున్నావా?"

"నేనేమీ అనుకోవట్లేదు."

"అయితే నన్ను చూసి ఆ మాట చెప్పు."

దర్జీ చూడలేకపోయాడు.

"ప్రెసిడెంటుగారింటికెళ్తే ఆయన లేరన్నారు. వెతుక్కుంటూ వీధి మొదటికొస్తే పట్టుకున్నారు. అంతే జరిగింది." అతను అటు తిరిగి వీపు చూపించాడు. "చెయ్యి పెట్టు బావా. గుర్తు మీద పెట్టి చూడు."

దర్జీ చెయ్యి పెట్టాడు. బొటనవేలు బొటనవేలి మీద, చిటికెనవేలు చిటికెనవేలి మీద. నలభై ఏళ్లు కత్తెర పట్టి పక్కకి వంగిపోయిన చూపుడువేలు కూడా, ఆ వంకర గుర్తులో అతికినట్టు సరిపోయింది. ఏ కొలతా తీసుకోకుండా అంత సరిగ్గా అతని జీవితంలో ఏదీ సరిపోలేదు. చెయ్యి అక్కడే ఉంచి దర్జీ ఏడ్చాడు. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదిలేట్టు.

ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. తర్వాత ఏదో తట్టినట్టు డాక్టరు వీపు చూశాడు. డాక్టరు ఆయన వీపు చూశాడు.

"ఇదే చెయ్యి!" అన్నాడు ప్రెసిడెంటు.

"మా అత్తగారు అల్లిందండీ," అన్నాడు డాక్టరు, అన్యాయమంతా ఆ ఒక్క మాటలో పెట్టి.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు మెట్ల మీదే నిలబడి ఉన్నాడు. "ఎంతమంది?" "నలుగురు సార్!" "శభాష్!" అప్పుడు వ్యానులోంచి మొదట ప్రెసిడెంటు దిగాడు. ఒక్కొక్కరు దిగుతున్నకొద్దీ ఇన్‌స్పెక్టరు ఒక్కొక్క మెట్టు వెనక్కి ఎక్కాడు. చివరికి దర్జీ దిగాడు.

"ఇదేంటయ్యా! కాలనీ కమిటీ మొత్తం తెచ్చి నా ముందు పోస్తారా?" అని గావుకేక పెట్టి, లోపలికి పోబోయి వెనక్కి తిరిగాడు. ముదురు ఖాకీ యూనిఫారం మీద ఐదువేళ్లూ పున్నమి చంద్రుడిలా వెలిగాయి.

కొత్త కానిస్టేబులు నిజాయితీపరుడు. చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. "సార్... గుర్తున్న ప్రతివాడినీ అన్నారు సార్. ఎవడేం చెప్పినా వినొద్దన్నారు సార్."

ఆ తర్వాత కాసేపు స్టేషన్లో ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. ఆ మాటలు రాయకు.

గొడవ చల్లారాక ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూలబడ్డాడు. "సరే. అసలు ఆ ఇంట్లోంచి ఎవడైనా వచ్చాడా, లేదా?"

"ఒకడొచ్చాడండి. నైలాను."

"మొహం ఎలా ఉంటుంది?"

"మొహం చూళ్లేదండి. ఛాతీ ముప్ఫై ఎనిమిది. ఎడమ భుజం కుడిదానికన్నా అరంగుళం కిందకి. కాలరు దరిద్రంగా కుట్టారు."

"ఈ కొలతలు పెట్టుకుని నేనేం చెయ్యను, వాడికి పెళ్లిబట్టలు కుట్టించనా?" ఇన్‌స్పెక్టరు తల పట్టుకున్నాడు. "అయిపోయింది. ఇవాళ్టితో వాడు ఇల్లు మారుస్తాడు. ఇంకో వీధిలో మొదలుపెడతాడు. మావాళ్లు కూడా వాడి వీపే చూశారు. వాడి మొహం చెప్పగలిగినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు."

గోడ గడియారం పది దాటింది. బావమరిది దాన్ని చూశాడు. ప్రెసిడెంటు కోటు జేబులోంచి తొంగిచూస్తున్న తెల్ల కవరును చూశాడు. అందులో ఉన్నది తన ఉత్తరమే. తర్వాత లేచి నిలబడ్డాడు.

"నాకు తెలుసండి," అన్నాడు. "ఎడమ కనుబొమ్మ తెగి ఉంటుంది. నవ్వితే ఒకవైపే నవ్వుతాడు. సరుకు కోటు లోపలి గుడ్డలో పెట్టి కుట్టేస్తాడు. కావలసినప్పుడు కుట్టు విప్పి తీస్తాడు."

"నీకెలా తెలుసు?"

బావమరిది కోటు గుండీలు సర్దుకున్నాడు.

"కొన్నాను కాబట్టి. రెండేళ్లు వాడి దగ్గరే కొన్నాను. పదకొండు నెలలైంది మానేసి. వాడు మా పక్కింట్లో దిగినరోజే కిటికీలోంచి చూశాను. చెబితే ఎలా తెలుసని అడుగుతారని చెప్పలేదు." అతను ప్రెసిడెంటు వైపు తిరిగాడు. "ఉత్తరం ఇవ్వకండి మాస్టారూ, పర్వాలేదు. కానీ తొందరగా వెళ్లాలి. వ్యాను పోయిందని తెలిస్తే వాడికి భయం ఉండదు, మళ్లీ అక్కడికే వస్తాడు."

దర్జీ చెయ్యి దానంతటదే బావమరిది భుజం మీదికి లేచింది. లేచి, సుద్ద గుర్తొచ్చి, మధ్యలో ఆగిపోయింది. బావమరిదే జరిగి ఆ చేతి కిందికి వచ్చాడు.

"వెయ్యి బావా. ఇంకేం పోతుంది?"

అందరూ మళ్లీ అదే వ్యాను ఎక్కారు. ఈసారి ఇన్‌స్పెక్టరు కూడా.

వాడు చివరింట్లో లేడు. దర్జీ కొట్టులో, బల్ల మీద, పల్చటి చొక్కాతో వణుకుతూ కూర్చుని ఉన్నాడు. ఎదురుగా దర్జీ భార్య, ఒళ్లో నైలాను కోటు, ముక్కు మీద కళ్లజోడు, తీరిగ్గా దారం ఎక్కిస్తోంది. జరిగిందేమిటంటే, వాడు వీధి దాటి నాలుగు అడుగులేశాక లోపలి గుడ్డ చిరిగిన చోటునుంచి ఒక పొట్లం జారి కాళ్ల దగ్గర పడింది. ఇంకో నాలుగడుగులకి ఇంకోటి. అలా రాల్చుకుంటూ పట్నం దాకా పోలేడు కదా. చింపింది ఎవడో వాడితోనే కుట్టించుకుందామని రుసరుసలాడుతూ వెనక్కొచ్చాడు. చెయ్యి పెట్టగానే ఆవిడకి గుడ్డ కింద బుడిపెలు తగిలాయి. ఆవిడ గుండీలు కుట్టిన చెయ్యి, గుండీ ఏదో పొట్లం ఏదో తెలీదా? "రెండు నిమిషాలు బాబూ, కూర్చో," అంది.

అప్పటికి వాడు కూర్చుని గంటంపావు అయింది. కోటు వదిలి పోలేడు, లాక్కుంటే అనుమానం. దర్జీ ఇంట్లో రెండు నిమిషాలంటే ఎంతో వాడికి తెలియదు. వీధిలో పెళ్లికి కుట్టడానికిచ్చిన బట్టలు బారసాలకి అందుకున్నవాళ్లున్నారు.

"అయిపోయిందా?" అంటున్నాడు వాడు ఏడుపుగొంతుతో.

"అయిపోయినట్టే బాబూ. గుండీలొక్కటే మిగిలాయి."

"దీనికి గుండీలు లేవమ్మా! జిప్పు!"

"అందుకే మరి ఆలస్యం," అంది ఆవిడ, తల ఎత్తి గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ని చూసి. "రండి బాబూ. ఇస్త్రీ బల్ల మీద తువ్వాలు కింద పెట్టాను. పదిహేడు."

వాడు లేవబోయాడు. బావమరిది ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. వాడు గుర్తుపట్టి, ఒకవైపు నవ్వాడు. "నువ్వా! కావాలా?"

"వద్దు," అన్నాడు బావమరిది. ఒక్క మాటే. అది అతను వాడితో అన్న మొదటి వద్దు. అక్క వినడం కూడా అదే మొదలు.

వాణ్ణి బేడీలు వేసి కానిస్టేబుళ్లు ఆటోలో తీసుకుపోయాక ప్రెసిడెంటు కవరు తీశాడు. ఉత్తరం విప్పి, కళ్లజోడు పెట్టుకుని, తను రాసిందే తప్పులు దిద్దే మాస్టారిలా చదివాడు. "ఈ మనిషికి ఏ చెడు అలవాటూ లేదని రాశాను. ఇది అబద్ధం," అని అడ్డంగా కొట్టేశాడు. దర్జీ భార్య మొహం వాడిపోయింది. ప్రెసిడెంటు కింద ఇంకో వాక్యం రాసి, పైకి చదివాడు: "ఉండేది. మానుకున్నాడు. ఉందని నలుగురిలో చెప్పగలిగాడు. నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో తప్పు తనంతట తను ఒప్పుకున్న మనిషిని నేను చూడటం ఇదే మొదటిసారి, నాతో సహా." సంతకం పెట్టాడు. అప్పటికి పదకొండుకి ఇరవై నిమిషాలే ఉంది.

"బస్సులో అందదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వ్యాను ఎక్కండి."

ఆసుపత్రి లాండ్రీ మేనేజరు సన్నగా, ఎప్పుడూ అనుమానంగా ఉండే మనిషి. మంచి నడవడిక ఉత్తరం పట్టుకుని రావలసిన కొత్త ఉద్యోగి కోసం గేటు దగ్గర నిలబడ్డాడు. సైరను కూసుకుంటూ పోలీసు వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి ఆ ఉద్యోగి దిగాడు. వెనకే ఇన్‌స్పెక్టరు దిగాడు, ఒక హెడ్మాస్టరు దిగాడు, ఒక పళ్ల డాక్టరు దిగాడు, ఒళ్లంతా తెల్లగా ఒక ముసలి దర్జీ, చేతిలో సూది ఇంకా వదలని ఆయన భార్య. అందరూ ఒక్కసారే అతని మంచితనం చెప్పడం మొదలుపెట్టారు. మేనేజరు ఉత్తరం చదివాడు. రెండోసారి చదివాడు. వాళ్లని వరసగా వెనక్కి తిరగమన్నాడు. నాలుగు వీపుల మీద ఒకే చెయ్యి.

"మీ కాలనీలో ఇది ఏమైనా ముద్రా?" అన్నాడు.

"పూచీకత్తండి," అన్నాడు దర్జీ.

మేనేజరు నవ్వలేదు. నవ్వే మనిషి కాదు. పెద్ద మిషను వైపు చూపించి, "చేరావు కదా, మొదటి పని. ఈ కోట్లన్నీ విప్పించి ఉతుకు," అన్నాడు.

అంతే తల్లీ, అయిపోయింది. ఇప్పుడు ఆ బావమరిది ఎక్కడో దూరాన ఇంకా పెద్ద ఆసుపత్రిలో లాండ్రీ మొత్తానికి పైఅధికారిగా ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాడుగా, అప్పుడు ఇదంతా మెల్లగా చదివి వినిపించు. వ్యానులో దర్జీ ఏడ్చాడని రాసిన చోట మాత్రం దిద్దు: సుద్ద కంట్లో పడింది.